ద్రవ్యరాశి, భారం: భౌతిక రాశుల మధ్య సంబంధాలు

ద్రవ్యరాశి, భారం భౌతికశాస్త్రంలో రెండు వేర్వేరు రాశులు. వస్తువు తన చలనస్థితిలో మార్పును ఎంతగా ప్రతిఘటిస్తుందో తెలిపేది ద్రవ్యరాశి. దాని ప్రమాణం కిలోగ్రాము. ఒక చోట ఉన్న వస్తువును గురుత్వం లాగే బలం భారం. దాని ప్రమాణం న్యూటన్. ద్రవ్యరాశికి పరిమాణం మాత్రమే ఉంటుంది కనుక అది అదిశ రాశి. భారానికి పరిమాణంతో పాటు దిశ కూడా ఉంటుంది కనుక అది సదిశ రాశి. రెండింటినీ కలిపే సూత్రం చిన్నదే: భారం = ద్రవ్యరాశి × గురుత్వ త్వరణం. హైస్కూలు విద్యార్థులందరికీ ఇది కంఠతా వస్తుంది. అయినా ఈ తేడా చాలామందికి పరీక్షలో రాసే నిర్వచనంగానే మిగిలిపోతుంది. నిర్వచనం కష్టమైనదై ఇలా జరగడం లేదు. ఏ భౌతిక రాశినైనా విడిగా, దానంతట దాన్ని అర్థం చేసుకోవడం సాధ్యం కాదు. అది ఇతర రాశులతో ఎలా ముడిపడి ఉందో, ఆ ముడి ఎక్కడ మారుతుందో, ఎక్కడ మారదో చూసినప్పుడే దాని అర్థం తేలుతుంది. ద్రవ్యరాశి, భారాల చరిత్ర ఈ మాటకు బలమైన సాక్ష్యం.

ఒకే చోట కలిసిపోయే రెండు రాశులు

రెండు రాశులు ఎప్పుడూ ఒకే నిష్పత్తిలో ఉంటే వాటిని వేర్వేరుగా గుర్తించడానికి మనకు ఆధారం దొరకదు. ఒక ఊళ్లో గురుత్వ త్వరణం దాదాపు స్థిరం. అక్కడ ఒక బస్తా భారం మరో బస్తా భారానికి రెట్టింపు ఉంటే ద్రవ్యరాశి కూడా కచ్చితంగా రెట్టింపే. కాబట్టి ఊరు దాటని మనిషికి రెండు రాశుల అవసరం కనిపించదు. వేల ఏళ్ల పాటు వర్తకం, కొలతలు, పన్నులు ఒకే భావంతో నడిచిపోయాయంటే దానికి కారణం అజ్ఞానం మాత్రమే కాదు, ఆ కాలపు అనుభవంలో రెండింటినీ విడదీసే సంఘటన లేకపోవడం. తేడా బయటపడాలంటే గురుత్వ త్వరణం మారాలి, లేదా గురుత్వంతో సంబంధం లేకుండా ద్రవ్యరాశిని కొలిచే మార్గం దొరకాలి. చరిత్రలో ఈ రెండూ జరిగాయి.

కొలిచే సాధనాల్లోనే ఈ తేడా దాగి ఉంది. రెండు పళ్లేల తక్కెడలో ఒకవైపు సరుకు, మరోవైపు తూనికరాయి పెడతారు. గురుత్వ త్వరణం రెండు వైపులా ఒక్కటే కనుక సమీకరణంలో రెండు వైపుల నుంచీ కొట్టివేతకు గురవుతుంది. మిగిలేది ద్రవ్యరాశుల సమానత్వం. అదే తక్కెడను చంద్రుడి మీద పెట్టినా ముల్లు అక్కడే నిలుస్తుంది. స్ప్రింగ్ త్రాసు అలా పనిచేయదు. వస్తువు భారానికి స్ప్రింగ్ ఎంత సాగిందో అది చూపిస్తుంది, అంటే బలాన్ని కొలుస్తుంది. కిరాణా కొట్లో ఎలక్ట్రానిక్ కాటా కూడా ఈ రెండో జాతిదే. అందులోని లోహపు కడ్డీ భారానికి సూక్ష్మంగా వంగుతుంది. దానికి అతికించిన తీగ విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పును వోల్టేజీగా, వోల్టేజీని అంకెగా మారుస్తారు. తెర మీద కిలోగ్రాముల్లో కనిపించే అంకె, నిజానికి న్యూటన్లలో కొలిచిన బలాన్ని ఒక స్థానిక గురుత్వ త్వరణంతో భాగించగా వచ్చిన ఫలితం.

చోటుతో పాటు మారే భారం

గురుత్వ త్వరణం భూమి మీద అంతటా ఒకటి కాదని మొదట చెప్పింది గడియారం. 1672లో ఫ్రెంచి ఖగోళ పరిశీలకుడు జాన్ రిషే దక్షిణ అమెరికాలో భూమధ్యరేఖకు దగ్గరున్న కయెన్ వెళ్లినప్పుడు, పారిస్‌లో సరిగా నడిచిన లోలక గడియారం అక్కడ రోజుకు రెండు నిమిషాలకు పైగా వెనకబడింది. లోలకాన్ని కొద్దిగా కురచ చేస్తే గానీ సెకన్లు సరిపోలేదు. వేడికి లోలకం సాగి ఉంటుందన్న అనుమానం సహజమే గానీ, కనిపించిన తేడా అంతటికీ ఆ కారణం చాలదని న్యూటన్ లెక్కించాడు. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల భూమధ్యరేఖ దగ్గర గురుత్వం కొంత తగ్గినట్టవుతుంది. పైగా భూమి అక్కడ ఉబ్బి ఉంటుంది కనుక ఉపరితలం కేంద్రానికి మరింత దూరం. ధ్రువాల దగ్గర వ్యాసార్ధం సుమారు 6,357 కిలోమీటర్లయితే, భూమధ్యరేఖ దగ్గర 6,378 కిలోమీటర్లు. ఫలితంగా గురుత్వ త్వరణం భూమధ్యరేఖ దగ్గర సుమారు 9.780 మీ/సె², ధ్రువాల దగ్గర సుమారు 9.832 మీ/సె².

అరశాతం తేడాకు ఇంత చర్చ అవసరమా అని అడగవచ్చు. అవసరమో కాదో ఏ పని చేస్తున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. అక్షాంశం, ఎత్తు ఆధారంగా లెక్కిస్తే హైదరాబాద్‌లో గురుత్వ త్వరణం సుమారు 9.783 మీ/సె², లండన్‌లో సుమారు 9.812 మీ/సె². హైదరాబాద్‌లో సరిచేసిన ఎలక్ట్రానిక్ కాటాను లండన్‌లో మళ్లీ సరిచేయకుండా వాడితే కిలో బంగారానికి దాదాపు 3 గ్రాములు ఎక్కువ చూపిస్తుంది. ఉల్లిపాయల వ్యాపారికి ఇది పట్టదు, బంగారం వ్యాపారికి పడుతుంది. అందుకే నాణ్యమైన కాటాలను వాడే చోటే, తెలిసిన ద్రవ్యరాశి గల రాళ్లతో సరిచేస్తారు.

భారం సదిశ రాశి అన్న మాటకు కూడా ఆచరణలో అర్థం ఉంది. దారానికి కట్టిన గుండు వేలాడే దిశే భారం దిశ. పక్కన పెద్ద పర్వతం ఉంటే ఆ దిశ కాస్త అటు వాలుతుంది. 19వ శతాబ్దంలో భారతదేశపు మహా త్రికోణమితి సర్వేలో ఇది పెద్ద చిక్కుముడి అయింది. మధ్య భారతంలోని కల్యాణ్‌పూర్‌కూ ఉత్తరాన ఉన్న కాలియానాకూ మధ్య అక్షాంశ భేదాన్ని నేల మీద కొలిచిన దానికీ, నక్షత్రాలను చూసి లెక్కించిన దానికీ 5.236 సెకన్ల కోణం తేడా వచ్చింది. జాన్ ప్రాట్ హిమాలయాల ఆకర్షణను లెక్కగడితే దాదాపు 15.9 సెకన్ల తేడా ఉండాలని తేలింది. పర్వతాలు లాగాల్సినంతగా గుండును లాగడం లేదు! 1855లో జార్జ్ ఎయిరీ దీనికి వివరణ ఇచ్చాడు: పర్వతాల కింద తేలికైన శిలలు లోతుకు చొచ్చుకుపోయి ఉన్నాయి, అందువల్ల పైన కనిపించే అదనపు ద్రవ్యరాశికి కింద లోటు ఉంది. భూమి పైపొర సమతుల్యత గురించిన సిద్ధాంతం ఇలా మొదలైంది. చోటును బట్టి భారం మారడం లోపంలా కనిపించినా, భూగర్భంలోని ద్రవ్యరాశి పంపిణీని చెప్పే సమాచారం అదే. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ వంటి సంస్థలు చేసే గురుత్వ సర్వేల ఆధారం కూడా ఇదే సూత్రం.

జడత్వం, గురుత్వం

ఇంతవరకు చెప్పింది భారం మారుతుందని. ద్రవ్యరాశి మారదని ఎలా తెలుసు? ఇక్కడ ఒక గంభీరమైన ఆక్షేపణ ఉంది. ద్రవ్యరాశి అన్న ఒకే మాట కింద రెండు వేర్వేరు గుణాలు ఉన్నాయి. తోస్తే కదలడానికి చూపే అయిష్టత ఒకటి, దాన్ని జడత్వ ద్రవ్యరాశి అంటారు. గురుత్వానికి స్పందించే స్వభావం మరొకటి, అది గురుత్వ ద్రవ్యరాశి. ఈ రెండూ సమానం కావాలన్న నియమం తర్కంలో ఎక్కడా లేదు. విద్యుదావేశాన్ని చూస్తే ఈ మాట నిజమని తెలుస్తుంది: ఒకే జడత్వం ఉన్న రెండు కణాలకు వేర్వేరు ఆవేశాలు ఉండవచ్చు. గురుత్వం విషయంలో మాత్రం ప్రకృతి అలాంటి స్వేచ్ఛ ఇవ్వలేదు. ఇది ప్రయోగంతో తెలిసిన విషయం. కూర్చుని ఊహిస్తే తెలిసేది కాదు.

న్యూటన్ ఈ సమస్యను గుర్తించాడు. 1687లో వెలువడిన ప్రిన్సిపియాలో అతడు వివరించిన ప్రయోగంలో, సమానమైన రెండు చెక్కపెట్టెలను 11 అడుగుల దారాలకు లోలకాలుగా వేలాడదీసి, ఒకదానిలో చెక్క, మరోదానిలో అంతే బరువైన వేరే పదార్థం ఉంచాడు. బంగారం, వెండి, సీసం, గాజు, ఇసుక, ఉప్పు, చెక్క, నీరు, గోధుమలు అన్నింటినీ పరీక్షించాడు. వెయ్యిలో ఒక వంతు తేడా ఉన్నా పట్టుబడే ఆ ప్రయోగంలో లోలకాలన్నీ కలిసే ఊగాయి. లోలకాన్ని వెనక్కు లాగేది గురుత్వ ద్రవ్యరాశి, ఆ లాగుడుకు ఎదురు నిలిచేది జడత్వ ద్రవ్యరాశి. వాటి నిష్పత్తి పదార్థాన్ని బట్టి మారితే డోలన కాలం కూడా మారి తీరాలి. 1889లో హంగేరీ శాస్త్రవేత్త ఎట్వెష్, సన్నని తీగకు వేలాడే కడ్డీ మెలితిరుగుడును కొలిచి ఈ సమానత్వాన్ని 2 కోట్లలో ఒక వంతు దాకా నిర్ధారించాడు. 2016లో ప్రయోగించిన ఫ్రెంచి ఉపగ్రహం మైక్రోస్కోప్ తుది ఫలితాలు 2022లో వెలువడ్డాయి. 10¹⁵ భాగాల్లో కొన్ని భాగాల స్థాయి వరకు కూడా తేడా కనిపించలేదు. 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద సుత్తినీ ఈకనూ ఒకేసారి వదిలితే రెండూ ఒకేసారి నేలను తాకడం ఈ నియమానికి అందరికీ తెలిసిన ప్రదర్శన. ఐన్‌స్టీన్ 1907లో ఈ సమానత్వాన్ని కాకతాళీయంగా వదిలేయకుండా మూలసూత్రంగా స్వీకరించాడు. 1915 నాటి సాధారణ సాపేక్ష సిద్ధాంతం దాని మీదే నిలిచింది. రెండు రాశుల మధ్య ఉన్న ఒక సంబంధాన్ని ఎందుకని ప్రశ్నించడం నుంచే గురుత్వం గురించిన కొత్త సిద్ధాంతం పుట్టిందన్నమాట.

జడత్వ ద్రవ్యరాశిని గురుత్వం ఊసు లేకుండా కొలవవచ్చని అంతరిక్షంలో రోజువారీ పని ద్వారా రుజువైంది. 1973 నాటి స్కైలాబ్ నుంచి వ్యోమగాముల ద్రవ్యరాశిని స్ప్రింగ్‌కు బిగించిన ఆసనం మీద ఊపి కొలుస్తున్నారు. ద్రవ్యరాశి ఎక్కువైతే ఊగే వేగం తగ్గుతుంది. డోలన కాలాన్ని బట్టి కిలోగ్రాములు లెక్కిస్తారు. అక్కడ తక్కెడ పనికిరాదు, స్ప్రింగ్ త్రాసు సున్నా చూపిస్తుంది, అయినా మనిషి ద్రవ్యరాశి తెలుస్తూనే ఉంది. శ్రీహరికోట నుంచి 2023 జూలై 14న బయల్దేరిన చంద్రయాన్-3 లోని ప్రజ్ఞాన్ రోవర్ ద్రవ్యరాశి 26 కిలోగ్రాములు. భూమి మీద దాని భారం సుమారు 255 న్యూటన్లు. చంద్రుడి మీద గురుత్వ త్వరణం 1.62 మీ/సె² కనుక అక్కడ సుమారు 42 న్యూటన్లు. నేలకు ఆనే భారం ఆరో వంతుకు పడిపోయింది కనుక చక్రాలకు దొరికే పట్టు కూడా తగ్గింది. కానీ ఆ రోవర్‌కు ఒకే త్వరణం ఇవ్వడానికి కావలసిన నికర బలం శ్రీహరికోటలో ఎంతో చంద్రుడి మీదా అంతే. చంద్రుడి మీద దిగే వాహనాన్ని రూపొందించే ఇంజనీరు ఈ రెండు అంకెలనూ వేర్వేరుగా గుర్తుంచుకోవాలి.

భారరహిత స్థితి

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో గురుత్వం లేదని చాలామంది నమ్ముతారు. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో గురుత్వ త్వరణం దాదాపు 8.7 మీ/సె², నేల మీది విలువలో ఇది 90 శాతానికి కాస్త తక్కువ. గురుత్వమే లేకపోతే కేంద్రం భూమి చుట్టూ తిరగకుండా సరళరేఖలో వెళ్లిపోయేది. వ్యోమగామి, అతని కింది నేల, చుట్టూ ఉన్న గోడలు అన్నీ ఒకే త్వరణంతో భూమి వైపు పడుతూ ఉండటం వల్ల ఒకదాన్నొకటి ఒత్తవు, అందువల్ల తేలుతున్నట్టు కనిపిస్తాయి.

ఇక్కడ నిర్వచనం గురించి నిజమైన భిన్నాభిప్రాయం ఉంది. భారం అంటే గురుత్వ బలం అనుకుంటే వ్యోమగామికి భారం ఉంది. భారం అంటే ఆధారం మీద పడే ఒత్తిడి, అంటే త్రాసు చూపే విలువ అనుకుంటే అతనికి భారం లేదు. రెండు నిర్వచనాలూ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. అంతర్జాతీయ ప్రామాణిక నిర్వచనం మధ్యేమార్గం పట్టింది: పరిశీలకుడు ఉన్న చట్రంలో స్వేచ్ఛగా వదిలిన వస్తువుకు కలిగే త్వరణాన్ని ద్రవ్యరాశితో గుణిస్తే వచ్చేదే భారం. ఈ నిర్వచనం ప్రకారం భూభ్రమణ ప్రభావం కూడా భారంలో చేరుతుంది. లిఫ్టు పైకి త్వరణంతో బయల్దేరినప్పుడు కాటా ఎక్కువ చూపడం, అంతరిక్ష కేంద్రంలో సున్నా చూపడం రెండూ ఇందులో సహజంగా ఇముడుతాయి. నిర్వచనాల మధ్య ఈ పోటీ చూసి భారం అన్నది గందరగోళ భావన అనుకోనక్కర్లేదు. భారం వస్తువుకు మాత్రమే చెందిన గుణం కాదనీ, వస్తువుకూ చోటుకూ పరిశీలకుడి చలనానికీ మధ్య ఉన్న సంబంధమనీ ఈ పోటీయే చెబుతోంది. ఏ నిర్వచనం ఎంచుకున్నా ద్రవ్యరాశి విలువ మాత్రం కదలదు.

సంబంధాల రకాలు

భౌతిక రాశులను కలిపే సమీకరణాలన్నీ కాగితం మీద ఒకేలా కనిపిస్తాయి, కానీ వాటి స్వభావం ఒకటి కాదు. సాంద్రత = ద్రవ్యరాశి ÷ ఘనపరిమాణం అన్నది నిర్వచనం; ఏ ప్రయోగమూ దీన్ని తప్పని చెప్పలేదు. స్ప్రింగ్ సాగుదల బలానికి అనులోమానుపాతంలో ఉంటుందన్న హుక్ నియమం పదార్థపు స్వభావం గురించిన మాట. హద్దు దాటి లాగితే అది చెల్లదు. రెండు ద్రవ్యరాశుల మధ్య ఆకర్షణ దూర వర్గానికి విలోమానుపాతంలో ఉంటుందన్నది ప్రకృతి నియమం. అది తప్పయ్యే అవకాశం ఉండీ పరీక్షలకు నిలిచింది. విద్యార్థి ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి సూత్రాలుగా బట్టీ పట్టినప్పుడు ఏది మన ఏర్పాటో, ఏది లోకం చెప్పిన సమాధానమో తెలియకుండా పోతుంది.

బలం = ద్రవ్యరాశి × త్వరణం అన్న సమీకరణం మీద పాత ఆక్షేపణ ఒకటుంది. బలాన్ని ద్రవ్యరాశితో, ద్రవ్యరాశిని బలంతో నిర్వచిస్తే అది గుండ్రంగా తిరిగే వాదన కాదా? న్యూటన్ ద్రవ్యరాశిని సాంద్రత, ఘనపరిమాణాల ఉమ్మడి ఫలితంగా నిర్వచించడం మీద కూడా 1883లో ఎర్నెస్ట్ మాక్ ఇదే అభ్యంతరం చెప్పాడు: సాంద్రతను ద్రవ్యరాశి లేకుండా ఎలా చెబుతారు? మాక్ సూచించిన దారి ఇది: రెండు వస్తువులను ఒకదానిపై ఒకటి పనిచేయనిస్తే వాటి త్వరణాల నిష్పత్తి బలం రకాన్ని బట్టి మారదు, ఆ నిష్పత్తినే ద్రవ్యరాశుల విలోమ నిష్పత్తి అందాం. స్ప్రింగ్‌తో తోసినా, అయస్కాంతంతో లాగినా, ఢీకొట్టించినా అదే నిష్పత్తి రావడం నిర్వచనం కాదు, అనుభవం చెప్పిన నిజం. మొదటి వస్తువును రెండోదానితో, రెండోదాన్ని మూడోదానితో పోల్చిన ఫలితాలు మొదటి, మూడో వస్తువుల పోలికతో సరిపోవడం కూడా అలాంటిదే. కాబట్టి ఒక్క సమీకరణాన్ని విడిగా చూస్తే అది గుండ్రంగానే ఉంటుంది; అనేక సమీకరణాలు ఒకే సంఖ్యను అడిగి, అన్ని చోట్లా అదే జవాబు వచ్చినప్పుడు ఆ ఆక్షేపణ వీగిపోతుంది.

తెలుగునాట పాత కొలతలు సంబంధాల అవసరాన్ని మరో వైపు నుంచి చూపిస్తాయి. సోల, తవ్వ, మానిక, కుంచం ధాన్యానికి వాడిన ఘనపరిమాణపు కొలతలు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. వీశ, మణుగు తూనికలు. వీశ అంటే 120 తులాలు, సుమారు 1.4 కిలోలు. మానికెడు బియ్యం ఎన్ని తులాలు తూగుతుందన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. గింజ సన్నమా లావా, ఎంత ఎండింది, కొలత కుదించి పోశారా వదులుగా పోశారా అన్న వాటిని బట్టి అది మారుతుంది. కిలోల లెక్క వచ్చాక ఈ చిక్కు తీరిపోయిందనుకోవడం కూడా సరికాదు. ధాన్యం కొనుగోలు కేంద్రాల్లో తేమ 17 శాతం దాటకూడదన్న నిబంధన అందుకే ఉంది: 17 శాతం తేమ ఉన్న క్వింటాలులో పొడి పదార్థం 83 కిలోలు, 22 శాతం తేమ ఉంటే 78 కిలోలే. కాటా రెండింటికీ వంద కిలోలే చూపుతుంది. ద్రవ్యరాశి సరిగా కొలిచినంత మాత్రాన మనకు కావలసినది కొలిచినట్టు కాదు.

గాలిని మరచిపోవడం కూడా ఇలాంటి పొరపాటే. కిలో దూది, కిలో ఇనుము దేని బరువు ఎక్కువన్న పిల్లల ప్రశ్నకు సమానమని జవాబు చెప్పి నవ్వుకుంటాం. నిజానికి గాలి ప్రతి వస్తువునూ కాస్త పైకి తోస్తుంది, ఎక్కువ చోటు ఆక్రమించిన దాన్ని మరింత తోస్తుంది. సాధారణ గాలి సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 1.2 కిలోలు కనుక లీటరు నీటికి ఈ తోపుడు 1.2 గ్రాములకు సమానం, కిలో ఉక్కుకు 0.15 గ్రాములే. గాలిలో ఉక్కు రాయితో సరితూగిన నీటి ద్రవ్యరాశి ఆ రాయి కంటే గ్రాముకు పైగా ఎక్కువన్నమాట. వదులు దూదికి తేడా ఇంకా పెరుగుతుంది. అతి కచ్చితమైన తూనికల్లో ప్రమాణ ప్రయోగశాలలు ఈ ప్రభావాన్ని లెక్కలోకి తీసుకుంటాయి.

ప్రమాణం లేని సంఖ్య

రాశుల మధ్య సంబంధాన్ని కాపాడేవి ప్రమాణాలు, మితులు. పొడవు, ద్రవ్యరాశి, కాలం వంటి మూల రాశుల ఘాతాలుగా ప్రతి రాశినీ రాయవచ్చని 1822లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫూరియే చూపాడు. సమీకరణం రెండు వైపులా మితులు సరిపోకపోతే అది తప్పే. దాన్ని ప్రయోగశాలకు తీసుకెళ్లక్కర్లేదు. కిలోగ్రామును న్యూటన్‌తో సమానం చేసిన ఏ వాక్యమైనా ఈ పరీక్షలో ఓడిపోతుంది. అయితే మితులు సరిపోయినంత మాత్రాన సమీకరణం నిజమని చెప్పలేం. శక్తికీ, బలభ్రామకానికీ మితులు ఒకటే, రాశులు మాత్రం వేరు. మితుల పరీక్ష తప్పును పట్టిస్తుంది, ఒప్పుకు హామీ ఇవ్వదు.

ప్రమాణం విడిచిన సంఖ్య ఎంత ప్రమాదకరమో 1983 జూలై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767 విమానానికి జరిగింది చెబుతుంది. ప్రయాణానికి 22,300 కిలోల ఇంధనం కావాలి, ట్యాంకుల్లో 7,682 లీటర్లు ఉంది. లీటర్లను కిలోలుగా మార్చడానికి సుమారు 0.8తో గుణించాలి. సిబ్బంది 1.77తో గుణించారు, అది లీటరుకు పౌండ్ల లెక్క. వచ్చిన పౌండ్లను కిలోలుగా చదివారు. దాదాపు 20 వేల లీటర్లు నింపాల్సిన చోట ఐదు వేల లీటర్లలోపే నింపారు. దారిలో రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. పైలట్లు విమానాన్ని గ్లైడర్‌లా నడిపి గిమ్లీ అనే ఊళ్లోని పాత వైమానిక స్థావరంలో దించగలిగారు, ఎవరూ చనిపోలేదు. 1999లో నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్‌కు ఆ అదృష్టం దక్కలేదు. ఒక బృందం పౌండు-బలం సెకన్లలో ఇచ్చిన విలువలను మరో బృందం న్యూటన్-సెకన్లుగా తీసుకుంది; 4.45 రెట్ల తేడాతో వాహనం అంగారకుడి దగ్గర నాశనమైంది. రెండు సందర్భాల్లోనూ గుణకారంలో తప్పు లేదు. సంఖ్య ఏ ప్రమాణంలో ఉందో మరచిపోవడమే తప్పు.

భూమి నుంచి కిలోగ్రాము దాకా

భూమి ద్రవ్యరాశి ఎంత అన్న ప్రశ్న కూడా సంబంధాల ద్వారానే తేలింది. 1798లో హెన్రీ కావెండిష్ సీసపు గోళాల మధ్య ఉన్న అతి స్వల్ప ఆకర్షణను కొలిచి, భూమి సగటు సాంద్రత నీటి కంటే సుమారు ఐదున్నర రెట్లని తేల్చాడు. నేడు భూమి ద్రవ్యరాశిని సుమారు 5.97 × 10²⁴ కిలోగ్రాములుగా చెబుతాం. విచిత్రం ఏమిటంటే, గురుత్వ స్థిరాంకాన్ని భూమి ద్రవ్యరాశితో గుణించగా వచ్చే లబ్ధం ఉపగ్రహాల కక్ష్యల నుంచి తొమ్మిది అంకెల దాకా తెలుసు. గురుత్వ స్థిరాంకం మాత్రం విడిగా లక్షలో రెండు భాగాల అనిశ్చితితోనే తెలుసు. అందువల్ల భూమి ద్రవ్యరాశి కూడా అంతే అనిశ్చితం. సంబంధం కచ్చితంగా తెలిసి, అందులోని రాశులు విడివిడిగా అంత కచ్చితంగా తెలియకపోవడం ఇక్కడ కళ్లకు కడుతుంది.

కిలోగ్రాము చరిత్ర కూడా ఇదే దారి పట్టింది. 1799లో ప్లాటినంతో చేసిన నమూనా, 1889 నుంచి పారిస్ దగ్గర సెవ్ర్‌లో భద్రపరచిన ప్లాటినం-ఇరిడియం స్తూపం ప్రపంచానికి కిలోగ్రాము అయ్యాయి. భారత్‌కు చెందిన 57వ నంబరు ప్రతి న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉంది. 1901లో తూనికలు, కొలతల అంతర్జాతీయ సభ కిలోగ్రాము ద్రవ్యరాశికి ప్రమాణమనీ, భారం బలం జాతికి చెందిన రాశి అనీ స్పష్టంగా ప్రకటించింది. ప్రామాణిక గురుత్వ త్వరణాన్ని 9.80665 మీ/సె²గా నిర్ణయించింది కూడా అప్పుడే. అయితే శతాబ్ద కాలంలో మూల స్తూపానికీ ప్రతులకూ మధ్య 50 మైక్రోగ్రాముల వరకు తేడా వచ్చింది. నిర్వచనం ప్రకారం మూల స్తూపం ఎప్పుడూ సరిగ్గా కిలోగ్రామే కనుక ఏది మారిందని అడగడానికి కూడా వీల్లేకపోయింది. 2019 మే 20 నుంచి ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు ప్లాంక్ స్థిరాంకం విలువను 6.62607015 × 10⁻³⁴ జౌల్-సెకన్లుగా స్థిరపరచి, దాని నుంచి కిలోగ్రామును రాబడుతున్నారు. బ్రయన్ కిబుల్ 1975లో రూపొందించిన త్రాసు దీనికి ఒక సాధనం: వస్తువు భారాన్ని అయస్కాంత క్షేత్రంలో విద్యుత్ ప్రవహించే తీగచుట్ట మోస్తుంది, అదే తీగచుట్టను తెలిసిన వేగంతో కదిపి పుట్టే వోల్టేజీని కొలుస్తారు, యాంత్రిక సామర్థ్యం, విద్యుత్ సామర్థ్యం సమానమన్న సంబంధం నుంచి ద్రవ్యరాశి వస్తుంది. ఈ లెక్కకు ఆ గదిలో గురుత్వ త్వరణం ఎంతో అతి సూక్ష్మంగా తెలియాలి. అంటే నేటి ప్రపంచ ప్రమాణం కూడా మొదట భారాన్ని కొలిచి, చోటు ప్రభావాన్ని తీసివేసి, ద్రవ్యరాశిని చేరుకుంటోంది.

పదార్థ పరిమాణమా?

ద్రవ్యరాశి అంటే వస్తువులో ఉన్న పదార్థ పరిమాణం అన్న పాత నిర్వచనం ఇప్పటికీ పాఠాల్లో వినిపిస్తుంది. మొదటి మెట్టుగా అది ఉపయోగపడుతుందని చెప్పేవారి వాదనలో కొంత నిజం ఉంది: రాయిని ముక్కలు చేసినా, వేడి చేసినా, కొండ మీదికి మోసినా దాని ద్రవ్యరాశి మారదన్న భావన పిల్లలకు సులువుగా అందుతుంది. కానీ ఆ నిర్వచనం మీద ఎక్కువ బరువు మోపితే విరిగిపోతుంది. కణాల సంఖ్యను చెప్పే రాశి వేరే ఉంది, దాని ప్రమాణం మోల్. 12 గ్రాముల కార్బన్‌లోనూ దాదాపు 4 గ్రాముల హీలియంలోనూ పరమాణువుల సంఖ్య ఒకటే. సూర్యుడిలో నాలుగు హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి హీలియంగా మారినప్పుడు ద్రవ్యరాశిలో సుమారు 0.7 శాతం తగ్గి శక్తిగా బయటికి పోతుంది. ప్రోటాన్‌లోని మూడు క్వార్కుల సొంత ద్రవ్యరాశులు కలిపితే ప్రోటాన్ ద్రవ్యరాశిలో నూటికి ఒక వంతే. మిగిలినదంతా వాటి చలనానికీ బంధానికీ చెందిన శక్తి. మన శరీరాల్లోని కిలోల్లో అత్యధిక భాగం ఈ లెక్కన పదార్థపు మూట కాదు, బంధించిన శక్తి. సంబంధాల ద్వారా ఇచ్చిన నిర్వచనం మాత్రం ఇక్కడా చెక్కుచెదరదు: ఆ శక్తి కూడా జడత్వాన్ని చూపుతుంది, గురుత్వానికి లోనవుతుంది.

వాడుక, చట్టం, పాఠం

చివరి ఆక్షేపణ బజారు నుంచి వస్తుంది. కూరగాయల బరువు కిలోల్లో చెప్పడం తప్పా? తప్పు కాదు. కొనేవాడికి కావలసింది ద్రవ్యరాశి, చట్టం అడిగేదీ అదే. భారత్‌లో 1956 నాటి తూనికలు, కొలతల చట్టం మెట్రిక్ పద్ధతిని తెచ్చింది. ఇప్పుడు అమలులో ఉన్న 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం కిలోగ్రామును ద్రవ్యరాశికి మూల ప్రమాణంగా గుర్తిస్తుంది. దుకాణంలోని కాటాకు నిర్ణీత కాలానికోసారి తనిఖీ చేసి ముద్ర వేయించాలన్న నియమం ఉద్దేశం, బలాన్ని కొలిచే యంత్రం ద్రవ్యరాశిని సరిగా చూపేలా చూడడమే. వాడుకను సరిదిద్దడం ఉపాధ్యాయుడి పని కాదు. బజారులో ఆ రెండూ ఎందుకు కలిసిపోయాయో, ఏ పరిస్థితిలో విడిపోతాయో చెప్పడం అతని పని. నిర్వచనాల పట్టిక రాయించడానికి బదులు ఒకే వస్తువును తక్కెడలో తూచి, స్ప్రింగ్ త్రాసుకు వేలాడదీసి, అదే త్రాసుతో నీటిలో ముంచి చూసి, స్ప్రింగ్ మీద ఊపి డోలన కాలం లెక్కపెట్టిస్తే విద్యార్థికి నాలుగు అంకెలు వస్తాయి. వాటిలో ఏది దేని మీద ఆధారపడిందో, ఏ సంఖ్య అన్నింటి వెనకా మారకుండా నిలిచిందో అతడే కనుక్కుంటాడు. ఈ ప్రయోగానికి ఏ ప్రభుత్వ పాఠశాలలోనైనా దొరికే సామాను చాలు. ద్రవ్యరాశి, భారాల పాఠం అలా మొదలైతే, భౌతికశాస్త్రంలో ఆ తర్వాత వచ్చే ప్రతి రాశినీ ఇది దేనితో, ఏ షరతు మీద ముడిపడి ఉందని అడిగే అలవాటు విద్యార్థికి అక్కడే ఏర్పడుతుంది.